ఒకే ఫోన్‌కు ఇంట్లో మార్చిన రెండు తెరలు: మూడేళ్ల వాడకం తరువాత

మెట్ల మీద నుంచి జారిన నా ఫోన్ కుడివైపు పై మూల నేలకు తగిలి ఇప్పటికి మూడేళ్లు దాటింది. ఈలోగా దానికి ఇంట్లోనే రెండుసార్లు తెర మార్చాను. మొదట వేసిన చవకరకం ఎల్‌సీడీ తెర (వెనుక దీపంతో వెలిగేది) 9 నెలలు నడిచింది; తరువాత వేసిన, ఫ్రేమ్‌తో కలిసి వచ్చిన ఓఎల్ఈడీ తెర (చుక్కలు వేటికవే వెలిగేది) 27 నెలలుగా నడుస్తోంది. తెర ఎలా మార్చాలో చూపించే వీడియోలకు కొదవ లేదు గానీ, కొత్త తెర వెలగగానే వాటి కథ ముగిసిపోతుంది. బిగించే పని ఒక్క సాయంత్రంది. బిగించినదాన్ని ఏళ్ల తరబడి రోజూ వేలితో తాకుతూనే ఉండాలి. అందుకే ఇక్కడ బిగింపు కన్నా వాడకానికే ఎక్కువ చోటు ఇచ్చాను.

పడిన రోజున పై గాజు మాత్రమే బీటలు వారిందని, అదొక్కటి మారిస్తే చాలునని అనుకున్నాను. మర్నాటికి తెర మధ్యలో ఆకుపచ్చ గీత ఒకటి వచ్చింది, మూడో రోజుకు మూల నుంచి సిరా ఒలికినట్టు నలుపు పాకడం మొదలైంది. గాజు, దాని కింద వేలి స్పర్శను గుర్తించే పొర, ఆ కింద బొమ్మను చూపే ప్యానెల్ ఈ మూడూ పారదర్శకమైన జిగురుతో ఒకే పలకలా అతికి ఉంటాయి. గాజును మాత్రమే విడదీసి కొత్తది అతికించాలంటే వేడిపలక, సన్నని తీగ, గాలిబుడగలు లేకుండా అతికించే వ్యాక్యూమ్ యంత్రం కావాలి. అవి ఇంట్లో ఉండవు కనుక, ఇంట్లో తెర మార్చడమంటే కాంబో, అంటే ఈ మూడు పొరల పలక, మొత్తాన్ని మార్చడమే. నలుపు పూర్తిగా కమ్మేయకముందే, టచ్ పనిచేయకపోయినా, ఓటీజీ ముక్కకు (ఫోన్‌కు మౌస్ లాంటివి కలిపే చిన్న కనెక్టర్) మామూలు కంప్యూటర్ మౌస్ తగిలించి ఫొటోలూ ఫోన్ నంబర్లూ భద్రపరచుకున్నాను. తెర పగిలినవారు ఎవరైనా మొదట చేయవలసిన పని అది. స్క్రూడ్రైవర్ తరువాతి సంగతి.

మొదటి తెరను నేను ధర చూసి ఎంచుకున్నాను. నా ఫోన్‌కు కంపెనీ ఇచ్చినది ఓఎల్ఈడీలో ఒక రకమైన అమోలెడ్ తెర, దాని కిందే వేలిముద్ర సెన్సర్ ఉంటుంది. అమ్మేవారి వివరణలో ఎల్‌సీడీ అన్న మాట చిన్న అక్షరాలతో ఉంది, చూశాను, పట్టించుకోలేదు. పైగా అది ఫ్రేమ్ లేని తెర. ఫ్రేమ్ లేనిది కొంటే పాత తెరను ఫోన్ చట్రం నుంచి ఒలిచి, గాజు ముక్కలనూ పాత జిగురునూ గీకి శుభ్రం చేసిన తరువాతే కొత్తదాన్ని అతికించాలి. ఆ ఒలవడమే నాకు రెండున్నర గంటలు పట్టింది. పగిలిన గాజు మీద సక్షన్ కప్ నిలవదు కాబట్టి ముందు పార్సిళ్లకు వేసే వెడల్పాటి టేపును తెరంతా అతికించి, అంచుల వెంట హెయిర్ డ్రయ్యర్‌తో చేయి పెట్టలేనంత వేడి చేసి, ప్లాస్టిక్ పిక్‌ను సందులోకి దూర్చాను. జిగురు మెత్తబడిన చోట పిక్ వెన్నలోకి దిగినట్టు దిగుతుంది, చల్లారిన చోట మాత్రం గాజు పటపటమంటూ పొడి రాలుతుంది. ఆ పొడి కంటికి కనిపించదు, వేళ్లకు తెలుస్తుంది. కళ్లద్దాలు పెట్టుకోకుండా ఈ పనికి కూర్చోవద్దు.

ఇక ఎల్‌సీడీతో గడిపిన 9 నెలల గురించి. వెలిగించిన మొదటి రోజు నాకు తేడా పెద్దగా తెలియలేదు, ఖర్చు మిగిలిందని సంతోషించాను కూడా. వారం తిరిగేసరికి ఒక్కొక్కటే బయటపడ్డాయి. తెర కింద ఉండే ఆప్టికల్ వేలిముద్ర సెన్సర్ ఓఎల్ఈడీ పొర గుండా వచ్చే వెలుతురుతో వేలిని చదువుతుంది. ఎల్‌సీడీ వెనుక బ్యాక్‌లైట్ పొర అడ్డంగా ఉంటుంది కనుక ఆ సెన్సర్ పూర్తిగా గుడ్డిదైపోయింది, నేను ప్రతిసారీ అంకెలు నొక్కి ఫోన్ తెరవవలసి వచ్చింది. ఓఎల్ఈడీలో నల్లగా ఉన్న చోట పిక్సెల్ ఆరిపోయే ఉంటుంది, ఎల్‌సీడీలో నలుపు వెనుక కూడా దీపం వెలుగుతూనే ఉంటుంది. అందువల్ల డార్క్ మోడ్ వల్ల కలిగే ఆదా పోయి, రాత్రి దాకా వచ్చే చార్జింగ్ సాయంత్రానికే అడుగంటేది. చీకటి గదిలో నల్లని తెర బూడిద రంగులో మెరిసేది. తెర మందం కాస్త ఎక్కువ కావడంతో దాని అంచు ఫ్రేమ్ కన్నా గోరంత పైకి లేచి, జేబులోంచి తీసినప్పుడల్లా బట్టకు గీసుకునేది. ఎండలో మెసేజ్ చదవాలంటే అరచేయి గొడుగు పట్టాలి. వీటిలో ఏ ఒక్కటీ ఫోన్‌ను పక్కన పడేయవలసినంత లోపం కాదు, కానీ అన్నీ కలిసి నేను ఇష్టపడి కొనుక్కున్న ఫోన్‌ను మరో ఫోన్‌గా మార్చేశాయి.

దాని అంతం మాత్రం నా తప్పు వల్లే జరిగింది. మొదటిసారి శుభ్రం చేసేటప్పుడు కింది ఎడమ మూలలో ఆవగింజలో సగం కూడా లేని గాజు రవ్వ ఒకటి మిగిలిపోయింది. దాని మీదే కొత్త తెర కూర్చుంది. కొన్నాళ్లకు ఆ మూలలో వెంట్రుకవాసి గీత కనిపించింది. జేబు ఒత్తిడికి అది నెలనెలా పెరుగుతూ, చివరికి ఆ వైపు రెండు వేళ్ల వెడల్పున టచ్ పోయింది. కీబోర్డులో ఒక్క వరుస అక్షరాలు పలకకపోతే మనిషి ఎంత మౌనంగా మారిపోతాడో అప్పుడు తెలిసింది.

రెండోసారి ఫ్రేమ్‌తో వచ్చే ఓఎల్ఈడీ తీసుకున్నాను. ఇందులోనూ రకాలున్నాయి: గాజు పొర మీద తయారైనదాన్ని హార్డ్ ఓఎల్ఈడీ అని, వంగే ప్లాస్టిక్ పొర మీద తయారైనదాన్ని సాఫ్ట్ ఓఎల్ఈడీ అని అమ్ముతారు. సాఫ్ట్ రకం పలుచగా, కంపెనీ తెరకు దగ్గరగా ఉంటుంది. హార్డ్ రకం దెబ్బకు త్వరగా పగులుతుంది. నేను సాఫ్ట్ రకమే ఎంచుకున్నాను. ఫ్రేమ్‌తో వచ్చే తెరలో గాజు ఒలిచే బాధ లేదు, దానికి బదులు ఫోన్ లోపలి సామాను మొత్తం, అంటే మదర్‌బోర్డు, కెమెరాలు, చార్జింగ్ బోర్డు, స్పీకర్, వైబ్రేటర్, బ్యాటరీ, కొత్త ఇంట్లోకి మార్చాలి. పని ఎక్కువే అయినా ప్రతి అడుగూ వెనక్కి తీసుకోదగినది. ఒలిచేటప్పుడు జరిగే తప్పును సరిదిద్దుకునే వీలుండదు.

ఆ సాయంత్రం గురించి మూడు సంగతులు చెప్పాలి. వెనుక మూత తీయగానే ముందుగా బ్యాటరీ కనెక్టర్‌ను ప్లాస్టిక్ పుల్లతో పైకి లేపాలి. కరెంటు ఉండగా తెర కనెక్టర్‌ను ఊడదీసినా పెట్టినా బోర్డు మీద డిస్‌ప్లే సర్క్యూట్ కాలిపోయే ప్రమాదం ఉంది. రెండోది స్క్రూలు. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి, కానీ వాటి పొడవులో మిల్లీమీటరులో పదో వంతుల తేడాలుంటాయి, పొట్టిదాని స్థానంలో పొడవైనది బిగిస్తే అది బోర్డు లోపలి తీగలను తెంపేయవచ్చు. నేను తెల్లకాగితం మీద ఫోన్ బొమ్మ గీసి, ప్రతి స్క్రూనూ దాని స్థానంలోనే టేపుతో అతికించుకున్నాను. మూడోది బ్యాటరీ. దాన్ని అడుగున జిగురు బలంగా పట్టి ఉంచుతుంది, దాన్ని లోహపు పనిముట్టుతో ఎప్పుడూ పెళ్లగించకూడదు. గుచ్చుకున్నా మడతపడినా లిథియం బ్యాటరీ మండే ప్రమాదం ఉంది. చార్జింగును ముందే పాతిక శాతం కన్నా తక్కువకు దించి, అంచు వెంట ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కలు వేసి అయిదు నిమిషాలు ఆగి, ప్లాస్టిక్ కార్డుతో మెల్లగా లేపాను.

అయినా ఒక పొరపాటు జరిగింది. చెంప దగ్గరికి రాగానే తెరను ఆర్పించే, చెవి దగ్గరి ప్రాక్సిమిటీ సెన్సర్ చుట్టూ ఉండే మినపగింజంత నల్లని రబ్బరు తొడుగును పాత ఫ్రేమ్‌లోనే వదిలేశాను. ఫోన్ చక్కగా పనిచేసింది, కాల్ మాట్లాడేటప్పుడు మాత్రం తెర ఆరక, నా చెంప ఒత్తిడికి మ్యూట్ పడిపోయేది. నేను మాట్లాడుతూనే ఉన్నాను, అవతలివారు హలో హలో అంటూనే ఉన్నారు. మూత మళ్లీ తెరిచి ఆ తొడుగు పెట్టేసరికి సరిపోయింది. జిగురు వేయకముందే తెరను కనెక్టరుకు తగిలించి టచ్, కాల్, కెమెరా, చార్జింగ్ అన్నీ పరీక్షించాలని అందరూ చెబుతారు. నేను కాల్ ఒక్కటి వదిలేశాను.

ఈ 27 నెలల్లో ఆ తెర ఎలా ఉందంటే, మొత్తం మీద బాగుంది. వేలిముద్ర సెన్సర్ మళ్లీ పనిచేస్తోంది, అయితే పాత వేలిముద్రలు తొలగించి కొత్తగా నమోదు చేసుకోవలసి వచ్చింది, పదిసార్లకు ఒకసారి రెండోమారు నొక్కమంటుంది. తెలుపు రంగులో లేత గులాబీ జీర ఉంది. పక్కన మరో ఫోన్ పెట్టి పోలిస్తే తప్ప తెలియదు. అసలు తెర 90 హెర్ట్జ్ వేగంతో, అంటే సెకనుకు 90 సార్లు బొమ్మను మారుస్తూ నడిచేది, ఇది 60 దగ్గరే ఆగింది, దానికి కళ్లు రెండు రోజుల్లో అలవాటు పడ్డాయి. నాకు నిజంగా నచ్చనిది గాజు మీది నూనె అంటని పూత. అది నాలుగు నెలల్లోనే అరిగిపోయి, ఇప్పుడు బొటనవేలు తిరిగే చోట ఎప్పుడూ జిడ్డు మరక ఉంటుంది. దాదాపు రెండేళ్ల దగ్గర కీబోర్డు పై అంచు నీడలా తెర మీద పడటం మొదలైంది, లేత బూడిద రంగు పేజీ తెరిస్తేనే అది కనిపిస్తుంది. వెనుక మూతకు వేసిన బీ7000 జిగురును ఒక రోజంతా రబ్బరు బ్యాండ్లు బిగించి ఆరనిచ్చాను. ఒక మూల గత వేసవిలో లేచింది, మళ్లీ అతికించాను. కంపెనీ చెప్పిన ఐపీ68 నీటి రక్షణ మాత్రం మూత తెరిచిన రోజుతోనే పోయిందని లెక్కేసుకోవాలి. నేను వానలో ఈ ఫోన్ బయటికి తీయను.

ఈ అనుభవాన్ని అన్ని ఫోన్లకూ అన్వయించలేము. కొన్ని కంపెనీలు తెరను సాఫ్ట్‌వేర్ ద్వారా బోర్డుతో ముడిపెడతాయి. 2018లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 11.3 వేసుకున్న తరువాత, కంపెనీవి కాని తెరలు బిగించిన కొన్ని ఐఫోన్ 8లలో టచ్ ఆగిపోయింది, దాన్ని 11.3.1తో సరిచేశారు. 2021లో వచ్చిన ఐఫోన్ 13లో తెర మారిస్తే ముఖం చూసి ఫోన్ తెరిచే ఫేస్ ఐడీ పోయేది, ఆ అడ్డంకి ఐఓఎస్ 15.2తో తొలగింది. కాబట్టి తెర కొనేముందు మీ మోడల్‌లో మార్పిడి తరువాత ఏవి పనిచేయవో వెతికి తెలుసుకోవడం ధర చూడటం కన్నా ముఖ్యం. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమలైన నిబంధనలు, కొత్తగా మార్కెట్‌లోకి వచ్చే మోడళ్లకు అమ్మకం ఆగిన తరువాత కూడా 7 ఏళ్ల పాటు తెరలతో సహా ముఖ్యమైన విడిభాగాలు దొరికేలా చూడాలని కోరుతున్నాయి. నాలాంటివారు చిన్న అక్షరాల వివరణల మీద ఆధారపడే అవసరం దీనితో కొంతైనా తగ్గుతుంది.

అంచులు వంగిన తెర ఉన్న ఫోన్‌ను, మడత ఫోన్‌ను నేనైతే ఇంట్లో ముట్టుకోను. చదును తెర, ఫ్రేమ్‌తో దొరికే కాంబో, నాలుగు గంటల తీరిక, మంచి వెలుతురు ఉంటే మిగతాది ఓపిక మీద నడుస్తుంది.

ఆ మూల పగిలిన ఎల్‌సీడీని పారేయలేదు. మా పెద్దమ్మ కొడుకుది నాలాంటి ఫోనే. ఆరు నెలల కిందట దాని తెర పూర్తిగా నల్లబడి, ఫొటోలు లోపలే చిక్కుకుపోయాయి. మూత తీసి, బ్యాటరీ కనెక్టర్ విప్పి, నా పాత తెరను బల్ల మీదే తగిలించి, బ్యాటరీని మళ్లీ కలిపి వెలిగించాము. కింది ఎడమ వైపు టచ్ లేకపోయినా మౌస్‌తో నడిపించి, గంటన్నరలో ఫొటోలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాము.