కదలని జాయ్‌స్టిక్‌తో మూడేళ్లు

మూడేళ్ల కిందట, కంప్యూటర్‌లో విమానాలు నడిపే ఆట కోసం వాడే నా పాత జాయ్‌స్టిక్ గ్రిప్‌ను, అంటే చేత్తో పట్టుకునే పిడిని, దాని స్ప్రింగ్ బేస్ నుంచి విప్పి, ఒత్తిడిని మాత్రమే కొలిచే కొత్త బేస్ మీద బిగించాను. దీని మీద గ్రిప్ కదలదు. చేత్తో ఎంత బలం పెడితే విమానం అంత స్పందిస్తుంది. ఎఫ్-16 యుద్ధవిమానం స్టిక్ పనితీరు తెలిసినవారికి ఇంతకు మించిన పరిచయం అక్కరలేదు. తెలియనివారు కిరాణా కొట్లోని ఎలక్ట్రానిక్ కాటాను తలచుకుంటే సరిపోతుంది. సరుకు పెట్టినప్పుడు పళ్లెం దిగినట్టు కంటికి కనిపించదు, కానీ లోపలి లోహపు దిమ్మె వెంట్రుకవాసి వంగుతుంది, దానికి అంటించిన స్ట్రెయిన్ గేజ్‌లు ఆ వంపును విద్యుత్ సంకేతంగా మారుస్తాయి. ఈ బేస్‌లో అదే ఏర్పాటు ముందు వెనుకలకు ఒకటి, కుడి ఎడమలకు ఒకటి ఉంటుంది.

దీన్ని కొన్నది ఒకే ఒక్క పని కోసం, గాలిలో ఇంధనం నింపుకోవడం కోసం. డీసీఎస్ అనే ఆ ఆటలో ఎఫ్-16 వచ్చిన 2019 నుంచి, గాలిలో ఇంధనం అందించే కేసీ-135 ట్యాంకర్ విమానం వెనుక నేను గడిపిన సాయంత్రాలకు లెక్క లేదు. ట్యాంకర్ పొట్ట కింద ఉండే రెండు వరుసల దీపాలు పైకి, కిందికి, ముందుకు, వెనక్కి అని చెబుతూనే ఉంటాయి, నేను వాటికి ఎప్పుడూ ఒక క్షణం ఆలస్యంగా సమాధానం చెబుతూనే ఉండేవాణ్ణి. లోపం నా చేతిదే అనుకున్నాను. చాలాకాలానికి అర్థమైనదేమిటంటే, స్ప్రింగ్ స్టిక్‌కు నడిమధ్యన చిన్న గుంటలాంటి పట్టు ఉంటుంది. అక్కడి నుంచి స్టిక్‌ను కదిలించడానికి కాస్త ఎక్కువ బలం కావాలి, తీరా కదిలాక ఆ బలమే ఎక్కువై స్టిక్ అవసరానికి మించి జరుగుతుంది. మామూలు విన్యాసాల్లో ఇది తెలియనే తెలియదు. ట్యాంకర్ వెనుక మాత్రం చేసే ప్రతి సవరణా ఆ గుంటను దాటుతూ, మళ్లీ అందులోనే పడుతూ సాగుతుంది కాబట్టి, నిమిషానికి ముప్ఫై సార్లు ఆ ఇబ్బంది ఎదురవుతుంది.

ఒత్తిడిని కొలిచే బేస్‌కు ఆ గుంట లేదు. దాని దృష్టిలో మధ్య అనేది ఒక చోటు కాదు, బలం లేకపోవడం మాత్రమే. కొన్న తొమ్మిదో రోజో పదో రోజో, ట్యాంకర్ నుంచి దిగే ఇంధన గొట్టం, అంటే బూమ్, తగిలాక ట్యాంకులు నిండి అది దానంతట అది విడిపోయేదాకా ఒక్కసారి కూడా జారకుండా నిలబడ్డాను. ఆ కొన్ని నిమిషాల్లో నా చేయి ఏం చేస్తున్నదో నాకే తెలియలేదు. పైకి వెళ్లాలని అనిపించేసరికి విమానం ఆ మేరకు లేచేది. ఆ రాత్రి భోజనానికి పిలుపు వచ్చినా వెళ్లకుండా రెండోసారి నింపుకున్నాను, నిజానికి అప్పటికి నాకు ఇంధనం అవసరం లేదు. ఈ బేస్ గురించి నేను రాసే ఫిర్యాదులన్నిటినీ ఆ సాయంత్రాన్ని గుర్తుంచుకుని చదవాలి.

మొదటి రోజు మాత్రం ఇందుకు పూర్తిగా విరుద్ధంగా గడిచింది. రన్‌వే వదిలీ వదలకముందే విమానం కుడికి ఒరిగింది, ఎడమకు సవరిస్తే ఎడమకు మరింత ఒరిగింది, నాలుగో ఊపుకు రెక్క కొస నేలకు తగిలింది. స్ప్రింగ్ స్టిక్‌కు అలవాటుపడిన చేయి ‘ఇంకా కదలలేదు కదా’ అనుకుంటూ బలం పెంచుతూ పోతుంది, ఆ బలమంతా అప్పటికే ఆజ్ఞగా వెళ్లిపోయి ఉంటుంది. ఎఫ్-16 చరిత్ర చదివినవారు దీన్ని వెంటనే గుర్తుపడతారు. 1974 జనవరి 20న అమెరికాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో ఎఫ్-16 తొలి నమూనా వైఎఫ్-16ను నేల మీద వేగంగా పరుగెత్తించి చూస్తున్నప్పుడు అది ఇలాగే అటూ ఇటూ ఊగింది, తోక భాగం నేలకు రాసుకుంది. దాన్ని నేల మీదే ఆపబోవడం కంటే ఎగరడమే క్షేమమని టెస్ట్ పైలట్ ఫిల్ ఓస్ట్రైకర్ గాలిలోకి లేపి, ఆరు నిమిషాలు తిప్పి, క్షేమంగా దించాడు. అధికారికంగా తొలి ప్రయాణం అనుకున్నది ఫిబ్రవరి 2న జరిగింది. ఆయనకు దొరికిన ఆరు నిమిషాలు నాకు దొరకలేదు గానీ, నా గదిలో ప్రమాదం జరిగినందువల్ల పోయింది కొంచెం పరువు మాత్రమే. పూర్తి ఆజ్ఞకు నాలుగు కిలోల బలం చాలనే తేలిక అమరికను ఏడు కిలోలకు మార్చాక ఈ ఊగులాట వారంలో సర్దుకుంది. తేలిక అమరికతో మొదలుపెట్టడం సులభమని అందరూ అనుకుంటారు, నా అనుభవంలో అది తలకిందుల సలహా.

చేతి నొప్పి గురించి కూడా చెప్పాలి. ఎఫ్-16లో మొదట స్టిక్ అసలు కదిలేది కాదు, పైలట్లకు అది ఇబ్బందిగా ఉందని తరువాత చాలా కొద్దిపాటి కదలికను కల్పించారు. ఎందుకు కల్పించారో నా మోచేయి నాకు నెల రోజుల్లోనే చెప్పింది. స్టిక్ కదలనప్పుడు గరిష్ఠ ఆజ్ఞను చేరామా లేదా అన్నది చేతికి తెలియదు. డాగ్‌ఫైట్‌లో, అంటే విమానాల దగ్గరి పోరులో, ఏడు కిలోలు సరిపోయే చోట నేను పదిహేను కిలోలతో లాగుతూ ఉండేవాణ్ణి. విమానం కంప్యూటర్ తొమ్మిది జీలు (భూమ్యాకర్షణకు తొమ్మిది రెట్లు) దాటనివ్వదు కాబట్టి, మిగిలిన ఎనిమిది కిలోలూ నా కండరాలకూ బల్లకూ పోయేవి. మామూలు బల్ల ఆ లాగుడుకు ఆగలేదు. బాలానగర్‌లో ఒక వెల్డింగ్ షాపులో ఇనుప యాంగిల్‌తో బ్రాకెట్ చేయించి, కుర్చీకే కుడివైపున బిగించాను. ఈ ఖర్చును బేస్ ధరలో భాగంగానే లెక్కవేసుకోవాలి, నేను వేసుకోలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. రెండో ఏడాది ఏప్రిల్‌లో విమానం అప్పుడప్పుడు నా మాట వినడం మానేసింది. అరగంట చక్కగా ఎగిరాక, తెర ఒక్క క్షణం ఆగినట్టయ్యేది. ఆ తరువాత చేయి తీస్తే ముక్కు కిందికి దిగేది, ఎడమ రెక్క వాలేది. ఒకరోజు ఇలా, ఒకరోజు అలా, మూడు రోజులు ఏమీ లేకుండా. స్ట్రెయిన్ గేజ్‌లు వేడికి కొంత జరుగుతాయని నాకు తెలుసు, పావుగంట వేడెక్కనిచ్చి మొదలుపెట్టడం అప్పటికే అలవాటైంది. హైదరాబాదు ఎండలు, నేరుగా బేస్ మీదికి తగిలే ఏసీ గాలి, ఈ రెండింటి మీదా నేరం మోపి ఏసీ రెక్కలను పైకి తిప్పాను. తేడా రాలేదు. గ్రిప్ అడుగున ఉండే ఐదు పిన్నులను శుభ్రం చేశాను. తయారీదారుకు రాస్తే, కేబుల్ ఒకసారి తీసి పెట్టి చూడమన్నారు. అలా చేయగానే అంతా సరైపోయింది. కాబట్టి కేబుల్ వదులుగా ఉందని తీర్మానించి కొత్తది కొన్నాను. మూడు రోజులు బాగుంది, నాలుగో రోజు ఏటవాలుగా పైకి లేస్తూ కుడికి తిరుగుతుండగా మళ్లీ అదే జరిగింది. దాంతో మధ్యలో ఏ ఆజ్ఞా పట్టించుకోని డెడ్‌జోన్‌ను పెంచాను. జబ్బు కొంత మరుగున పడింది, కానీ ఏ గుంటను వదిలించుకోవడానికి ఇంత డబ్బు పోశానో ఆ గుంటను నా చేతులతో నేనే మళ్లీ తవ్వుకున్నట్టయింది. ట్యాంకర్ వెనుక మళ్లీ పాత కథే.

గుట్టు రట్టయింది ఉక్కపోత వల్ల. ఆ రోజు చెవులకు చెమట పట్టి హెడ్‌సెట్ తీసి, స్పీకర్లు పెట్టుకుని ఎగురుతున్నాను. కరెంటు పోయి పక్క గదిలో ఫ్యాను ఒక్క క్షణం మందగించి, ఇన్వర్టర్ అందుకోగానే మళ్లీ వేగం పుంజుకున్న చప్పుడు వినిపించింది. వెంటనే, ఏదో పరికరం ఊడి మళ్లీ తగిలినప్పుడు కంప్యూటర్ చేసే రెండు శబ్దాలు వినిపించాయి. చేయి తీశాను, ముక్కు దిగింది. నా కంప్యూటర్ యూపీఎస్ మీద ఉంది. బేస్‌ను తగిలించిన యూఎస్‌బీ హబ్‌కు మాత్రం వేరే అడాప్టర్ ఉంది, అది సోఫా వెనుక గోడలోని సాకెట్‌లో, ఇంటి ఇన్వర్టర్ మీద ఉంది. ఫ్యాను ఆగకుండా తట్టుకోగలిగిన ఆ రెప్పపాటు వ్యవధిని హబ్ తట్టుకోలేదు. అది ఆరి వెలిగినప్పుడల్లా బేస్ కూడా ఆరి వెలిగేది. వెలిగిన క్షణంలో తన మీద ఎంత బలం ఉంటే దాన్నే సున్నాగా రాసుకునేది.

మా వీధి చివర కూరగాయలమ్మే ఆమె కాటా సరిగ్గా ఇదే పని చేస్తుంది. ఖాళీ గిన్నె పెట్టి స్విచ్ వేస్తే సున్నా చూపిస్తుంది, గిన్నె తీసేస్తే అదే బరువును మైనస్‌లో చూపిస్తుంది. నేను కుడికి తిరుగుతూ పైకి లాగుతున్నప్పుడు కరెంటు పోయింది కాబట్టి, ఆ లాగుడు గిన్నె అయింది. చేయి తీయగానే కిందికి, ఎడమకు అని మైనస్ లెక్క విమానానికి చేరింది. నిర్ధారించుకోవడానికి స్టిక్‌ను గట్టిగా లాగి పట్టుకుని, కేబుల్ ఊడదీసి పెట్టి, చేయి వదిలాను. తెర మీద గీత మధ్య నుంచి జరిగి ఎదుటివైపు నిలబడింది. తయారీదారు చెప్పిన చిట్కా ఎందుకు పనిచేసిందో కూడా అప్పుడే బోధపడింది. కేబుల్ తీసి పెట్టినప్పుడు నా చేయి స్టిక్ మీద లేదు కదా! కొత్త కేబుల్ మూడు రోజులు బాగుండటానికి కారణం ఆ మూడు రోజులూ సాయంత్రం కరెంటు పోకపోవడమే.

స్విచ్ వేసేటప్పుడు స్టిక్‌ను తాకవద్దన్న వాక్యం వాడుక పుస్తకంలో ఉంది, నేను చదివాను కూడా. అది బిగించే రోజుకు చెప్పిన మాట అనుకున్నాను. అయినా నా కోపం పూర్తిగా తగ్గలేదు. సున్నాను తిరిగి రాసుకోవడానికి సాఫ్ట్‌వేర్‌లో ఒక మీట ఉంది గానీ, దాన్ని నొక్కాలంటే ఆట నుంచి బయటికి వచ్చి మరో కిటికీ తెరవాలి. గ్రిప్ మీద పందొమ్మిది మీటలు ఉన్నప్పుడు అందులో ఒకదానికి ఆ పని అప్పగించుకునే వీలు కల్పిస్తే, నేను రెండు వారాలు, ఒక కేబుల్ డబ్బు పోగొట్టుకునేవాణ్ణి కాదు. ఇప్పుడు బేస్‌ను నేరుగా కంప్యూటర్ వెనుక పోర్టుకు తగిలించాను. టేకాఫ్‌కు ముందు రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, తెర మీది గీతలు మధ్యలో ఉన్నాయో లేదో చూడటం అలవాటు చేసుకున్నాను. ఈ మధ్య కరెంటు పోయినా విమానం చలించలేదు.

కొన్న కొత్తలో, కదిలే భాగాలే లేవు కాబట్టి ఇందులో చెడిపోవడానికి ఏమీ లేదని నలుగురికీ చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవాలి. అరిగిపోయేది ఏమీ లేదు, అది నిజం. ఇప్పటికీ సంకేతం మొదటి రోజంత శుభ్రంగా ఉంది. కానీ స్ప్రింగ్ స్టిక్‌కు మధ్య ఎక్కడుందో స్ప్రింగే చెబుతుంది, కరెంటు పోయినా మరిచిపోదు. దీనికి మధ్య ఎక్కడుందో ఎవరో ఒకరు చెప్పాలి. అన్ని విమానాలకూ ఇది బాగుంటుందని కూడా అన్నాను, అదీ నిలబడలేదు. హ్యూయీ హెలికాప్టర్‌లో స్టిక్‌ను మధ్య నుంచి కొంచెం పక్కకు జరిపి అక్కడే ఉంచి ఎగరాలి. కదలని స్టిక్‌తో ఆ పని చేయడమంటే నీళ్ల బిందెను చాచిన చేత్తో పట్టుకుని నిలబడటమే. పాతకాలపు యుద్ధవిమానం స్పిట్‌ఫైర్‌లో స్టిక్ ఎంత దూరం వచ్చిందన్నదే మలుపు బిగువును చెబుతుంది, ఇక్కడ ఆ దూరమే లేదు. ఒకటి రెండు ప్రయత్నాల తరువాత వాటిని దీని మీద నడపడం మానేశాను.

నేను వారానికి మూడు సాయంత్రాలు ఎగురుతాను, అందులో రెండు ఎఫ్-16లోనే. గ్రిప్ నా దగ్గర ముందే ఉంది కాబట్టి బేస్ ఒక్కటే కొన్నాను. దిగుమతి సుంకంతో కలిపి చూస్తే అది కూడా మా ఇంటి నెల అద్దెను దాటింది. ఈ లెక్కలో నాకు ఇది గిట్టుబాటైంది, తిరిగి స్ప్రింగ్‌తో ట్యాంకర్ వెనక్కి వెళ్లమంటే వెళ్లను. ఏడాదిలో సగం హెలికాప్టర్లలో గడిపేవారికి, కుర్చీకి బ్రాకెట్ బిగించే వీలు లేనివారికి, మణికట్టు నొప్పి ఉన్నవారికి ఇదే మాట చెప్పలేను. పాత స్ప్రింగ్ బేస్‌ను కొంటామని ఇద్దరు అడిగారు, అమ్మలేదు. ఆదివారాలు హ్యూయీ కోసం గ్రిప్‌ను దాని మీదికి మారుస్తాను. మెడ దగ్గరి రింగు నట్టు ఒక్కటి విప్పితే చాలు, ఐదు నిమిషాల పని.