క్విజ్ రాత్రికి ఏ ప్రశ్న మేలు: గుర్తుంటే చెప్పేదా, ఆలోచిస్తే దొరికేదా?

పబ్ క్విజ్ పేరుతో 1970లలో బ్రిటన్‌లో విస్తరించి, ఆ తర్వాత అనేక దేశాలకు చేరిన ఆటలో నియమాలు చాలా తక్కువ. నలుగురైదుగురు ఒక జట్టుగా ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు, క్విజ్ మాస్టర్ ప్రశ్న చదువుతారు, జట్టు సభ్యులు తమలో తాము మాట్లాడుకుని ఒకే జవాబును కాగితం మీద రాస్తారు, రౌండ్ ముగిశాక మార్కులు లెక్కిస్తారు. ఇందులో అన్నిటికన్నా విలువైనది ప్రశ్న విన్న తర్వాత, జవాబు రాసే ముందు జట్టు గుసగుసగా చర్చించుకునే ఆ కొద్దిపాటి సమయం. జనరల్ నాలెడ్జ్ ప్రశ్నలు సిద్ధం చేసేవారు ఏ రకం ప్రశ్న మేలో ఆ సమయాన్ని బట్టే తేల్చుకోవాలని నా అభిప్రాయం.

ప్రశ్నల్లో ప్రధానంగా రెండు రకాలున్నాయి. మొదటిది జ్ఞాపకం మీద ఆధారపడేది: ఈక్వెడార్ రాజధాని ఏది అని అడిగితే, క్విటో అని తెలిసినవారు వెంటనే రాస్తారు, తెలియనివారు ఎంతసేపు కూర్చున్నా రాయలేరు. రెండోది ఆలోచనతో చేరుకోదగినది: దక్షిణ అమెరికాలో బ్రెజిల్‌తో సరిహద్దు లేని రెండు దేశాలు ఏవి అని అడిగితే, జవాబు ఎవరికీ కంఠస్థంగా లేకపోయినా బల్ల చుట్టూ పని మొదలవుతుంది. ఒకరు ఖండం పటాన్ని మనసులో గీసుకుంటారు, ఇంకొకరు పసిఫిక్ తీరాన ఉన్న దేశాలను వరుసగా చెబుతారు, మరొకరు పెరూకు బ్రెజిల్‌తో సరిహద్దు ఉందని అమెజాన్ నదిని గుర్తు చేసుకుని తేలుస్తారు, చివరికి చిలీ, ఈక్వెడార్ మిగులుతాయి. మొదటి ప్రశ్నలోనూ, రెండోదాని జవాబులోనూ ఈక్వెడార్ ప్రస్తావనే ఉంది, కానీ మొదటిదానిలో ఒక్క మనిషి జ్ఞాపకం మాత్రమే పనిచేసింది, రెండోదానిలో జట్టంతా పాల్గొంది.

ఈ తేడా విషయంలో కన్నా అడిగే తీరులోనే ఎక్కువగా ఉంటుంది. వయోజన మానవ శరీరంలో ఎముకలెన్ని అంటే 206 అని బడిలో చదివినవారు చెబుతారు. అదే సమాచారాన్ని, ఆ 206 ఎముకల్లో సగానికి పైగా శరీరంలోని ఏ రెండు భాగాల్లో ఉంటాయి అని అడిగి చూడండి. జట్టులో ప్రతి ఒక్కరూ తమ చేతి వేళ్ల వైపు చూసుకుంటారు, కణుపులు లెక్కపెడతారు, పాదాల్లోనూ అలాంటి నిర్మాణమే ఉందని గ్రహిస్తారు. ఒక్కో చేతిలో మణికట్టుతో కలిపి 27, ఒక్కో పాదంలో చీలమండతో కలిపి 26, మొత్తం 106 అని క్విజ్ మాస్టర్ చెప్పినప్పుడు, జవాబు తప్పిన జట్టుకు కూడా ఆ సంగతి మనసులో నాటుకుంటుంది. ఈఫిల్ టవర్ ఏ సంవత్సరంలో పూర్తయింది అన్న ప్రశ్న మామూలుగా తేదీ గుర్తుందా లేదా అన్న పరీక్షే. కానీ ఫ్రెంచి విప్లవం మొదలై సరిగ్గా వందేళ్లయిన సందర్భంగా జరిగిన ప్రదర్శన కోసం కట్టిన ఈ గోపురం ఏ సంవత్సరానిది అని అడిగితే, 1789 తెలిసినవారు 1889 దాకా నడిచి వస్తారు. సూర్యకాంతి భూమిని చేరడానికి పట్టే సమయం కూడా ఇలాంటిదే. దూరం సుమారు 15 కోట్ల కిలోమీటర్లు, కాంతి వేగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు అని గుర్తున్నవారు భాగహారం చేసి 500 సెకన్లు, అంటే ఎనిమిది నిమిషాలకు కొంచెం పైన అని తేల్చగలరు.

అలాగని జ్ఞాపకం ప్రశ్నలను పూర్తిగా పక్కన పెట్టడం సరికాదు. వాటికి ఉన్న మొదటి గుణం వేగం. ఆట మొదట్లో అందరూ ఇంకా సర్దుకుంటున్నప్పుడు, చటుక్కున రాయగలిగే నాలుగైదు ప్రశ్నలు జట్లకు ధైర్యం ఇస్తాయి. రెండో గుణం, బల్ల దగ్గర మాట తక్కువగా ఉండే మనిషికి అవి అవకాశం ఇస్తాయి. చర్చలో గొంతు పెంచలేనివారు కూడా భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం రెండింటిలోనూ నోబెల్ అందుకున్నది మేరీ క్యూరీ అని కాగితం మీద రాసి చూపగలరు. ఇంకొకటి, జ్ఞాపకం ప్రశ్న జవాబును సరిచూడడం సులువు. కాబట్టి మొదటి రౌండ్‌లో వాటి పాలు ఎక్కువగానూ, ఆ తర్వాత రౌండ్లలో ఆలోచన ప్రశ్నల పాలు ఎక్కువగానూ ఉండటం మంచి అమరిక. ఆలోచన ప్రశ్నకు కూడా ఒక హద్దు ఉంది. సముద్రతీరం లేని దేశాలే చుట్టూ ఉన్న, తనకూ తీరం లేని దేశాలు రెండున్నాయి, అవి ఏవి అని అడిగితే, స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల మధ్య ఉన్న లీకెన్‌స్టైన్‌ను పట్టుకోగలిగిన జట్టు ఉజ్బెకిస్తాన్ దగ్గర ఆగిపోవచ్చు. ఇలాంటి చోట ఒక్కో జవాబుకు విడిగా మార్కు ఇస్తే సగం దారి నడిచినవారికీ న్యాయం జరుగుతుంది.

ఆలోచన ప్రశ్నలకు నిజమైన ప్రమాదం వాక్యంలో ఉంది, దీనిని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. సంవత్సరం కన్నా రోజు పొడవుగా ఉండే గ్రహం ఏది అన్నది క్విజ్‌లలో చాలాకాలంగా తిరుగుతున్న ప్రశ్న, దానికి జవాబుగా శుక్రుడు అని రాసి ఉంటుంది. శుక్రుడు తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి దాదాపు 243 భూమి రోజులు, సూర్యుని చుట్టూ తిరగడానికి దాదాపు 225 రోజులు పడుతుంది కనుక ఆ లెక్కన జవాబు సరైనదే. కానీ రోజు అంటే ఒక సూర్యోదయం నుంచి తర్వాతి సూర్యోదయం దాకా అని ఒక జట్టు అర్థం చేసుకుందనుకుందాం. శుక్రుడు మిగతా గ్రహాలలో చాలావాటికి వ్యతిరేక దిశలో తిరుగుతుంది కనుక అక్కడ అలాంటి రోజు సుమారు 117 భూమి రోజులే, అంటే సంవత్సరం కన్నా చిన్నది. అదే లెక్క బుధుడికి వేస్తే, సూర్యోదయాల మధ్య విరామం దాదాపు 176 రోజులు, సంవత్సరం 88 రోజులు. కాబట్టి ఖగోళశాస్త్రం బాగా తెలిసిన జట్టు బుధుడు అని రాసి, తనదే సరైన జవాబని నిరూపించగలదు. జ్ఞానం ఎక్కువ ఉన్నవారికి మార్కు పోవడం ఏ క్విజ్‌కైనా పెద్ద లోపం. దీనికి మందు చిన్నదే: రోజు అన్న మాట తీసేసి, తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి పట్టే కాలం అని రాస్తే ప్రశ్న నిర్దుష్టమవుతుంది.

ఎత్తైన పర్వతం, పొడవైన నది లాంటి ప్రశ్నలకూ ఈ జాగ్రత్తే కావాలి. సముద్రమట్టం నుంచి కొలిస్తే ఎవరెస్టు, భూమి కేంద్రం నుంచి దూరం చూస్తే ఈక్వెడార్‌లోని చింబొరాజో, సముద్రగర్భంలోని పాదం నుంచి లెక్కిస్తే హవాయిలోని మౌనా కియా. నైలు, అమెజాన్‌లలో ఏది పొడవైనదన్న వివాదం భూగోళ శాస్త్రజ్ఞుల మధ్యనే ఉన్నప్పుడు దానిని క్విజ్‌లో ఒక్క మార్కుకు అడగకపోవడమే మేలు.

ఇక జవాబు తీసుకునే పద్ధతి. నాలుగు ఎంపికలిచ్చి ఒకటి గుర్తించమనడం, ఖాళీగా వదిలి రాయమనడం, సంఖ్య అడిగి దగ్గరగా ఉన్న జట్టుకు మార్కు ఇవ్వడం అనే మూడు మార్గాలు సాధారణంగా కనిపిస్తాయి. ఎంపికల పద్ధతి టెలివిజన్ వల్ల అందరికీ సుపరిచితం, దిద్దడం సులువు, ఎవరూ ఖాళీ కాగితం ఇవ్వరు. కానీ జట్ల ఆటలో అది అదృష్టానికి చాలా చోటిస్తుంది. పది ప్రశ్నల రౌండ్‌లో ఏమీ తెలియకుండా గుడ్డిగా గుర్తించినా సగటున రెండున్నర మార్కులు వస్తాయి, ఐదు లేదా అంతకన్నా ఎక్కువ వచ్చే అవకాశం నూటికి దాదాపు ఎనిమిది. అదే అవును, కాదు అనే ప్రశ్నలైతే పదికి ఏడు లేదా అంతకన్నా ఎక్కువ వచ్చే అవకాశం నూటికి దాదాపు పదిహేడు. చాలా జట్లు ఆడే చోట వాటిలో ఏదో ఒకటి ఇలా కేవలం అదృష్టంతో ముందుకు రావడం అరుదేమీ కాదు. అంతకన్నా ముఖ్యంగా, ఎంపికలు ముందే కళ్లెదుట ఉంటే పటం గీసుకునే పని, భాగహారం చేసే పని మాయమై, నాలుగింటిలో వినడానికి బాగున్న పేరు ఏదన్న చర్చ మిగులుతుంది. అందుచేత ఖాళీగా వదిలి రాయించే పద్ధతినే నేను గట్టిగా సమర్థిస్తాను, అక్షరదోషాలకు మార్కు తగ్గించకూడదన్న నియమంతో. పిల్లలు ఆడే క్విజ్‌లో, లేదా అత్యంత కష్టమైన ఒకటి రెండు ప్రశ్నల్లో మాత్రం ఎంపికలు ఇవ్వడం సముచితం.

సిద్ధంగా దొరికే ప్రశ్నల సంకలనాలు వాడడమా, స్వయంగా రాసుకోవడమా అన్నది తర్వాతి ఎంపిక. సంకలనం సమయం ఆదా చేస్తుంది, విషయాల వైవిధ్యం ఇస్తుంది. కానీ అందులోని ప్రతి జవాబునూ మళ్లీ సరిచూసుకోవలసిందే, ఎందుకంటే తప్పు ఒకసారి పుస్తకంలో చేరితే అది ఒక సంకలనం నుంచి ఇంకొకదానికి పాకుతూనే ఉంటుంది. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటుంది. ఫ్రెడ్ వర్త్ అనే అమెరికన్ రచయిత, తన విజ్ఞాన సంకలనాన్ని ఎవరైనా కాపీ చేస్తే పట్టుకోవడానికి వీలుగా, టెలివిజన్ డిటెక్టివ్ కొలంబో మొదటి పేరు ఫిలిప్ అని కావాలనే ఒక అబద్ధం అందులో చేర్చారు. ఆ అబద్ధమే ట్రివియల్ పర్స్యూట్ అనే ప్రఖ్యాత ఆటలో సరైన జవాబుగా కనిపించింది. 1984లో ఆయన దావా వేశారు, అయితే వాస్తవాలపై కాపీరైట్ వర్తించదన్న కారణంతో కోర్టు దానిని కొట్టివేసింది. అంతటి పేరున్న ఆటకే ఇలా జరిగినప్పుడు, ఎవరు రాశారో తెలియని జాబితాను నమ్మి మార్కులివ్వడం జట్లకు అన్యాయం.

తప్పు లేని జవాబు కూడా కాలంతో పాతబడుతుంది. ఆవర్తన పట్టికలో కనిపించని ఏకైక ఇంగ్లీషు అక్షరం జె అన్న ప్రశ్న ఒకప్పుడు సరైనదే, ఎందుకంటే 114వ మూలకం తాత్కాలిక నామమైన అనన్‌క్వాడియంలో క్యూ అక్షరం ఉండేది. 2012లో దానికి ఫ్లెరోవియం అని పేరు ఖరారయ్యాక క్యూ కూడా పట్టిక నుంచి తొలగిపోయింది, కానీ పాత ప్రశ్న మాత్రం ఇంకా చలామణిలో ఉంది. అత్యధిక ఉపగ్రహాలున్న గ్రహం ఏదన్న ప్రశ్నకు 2023లో కొన్ని నెలల పాటు గురుడు జవాబు, ఆ తర్వాత మళ్లీ శని, 2025లో శని ఉపగ్రహాల సంఖ్య 274కు చేరింది. కజకిస్తాన్ రాజధాని పేరు 2019లో అస్తానా నుంచి నూర్‌సుల్తాన్‌గా మారి 2022లో తిరిగి అస్తానా అయింది. స్వయంగా రాసుకునేవారు ఇవన్నీ చూసుకుంటూ రాస్తారు కనుక, శ్రమ ఎక్కువైనా ఆ మార్గమే మెరుగు. సంకలనం నుంచి విషయాన్ని తీసుకుని, వాక్యాన్ని మాత్రం తామే కొత్తగా కట్టుకోవడం తక్కువ సమయం ఉన్నవారికి ఆచరణీయమైన మధ్యేమార్గం.

స్వయంగా రాసిన ఆలోచన ప్రశ్నకు మరో లాభం ఉంది. చేతిలో ఫోన్ ఉన్న కాలంలో ఈక్వెడార్ రాజధాని బల్ల కింద క్షణంలో దొరుకుతుంది. రెండు మూడు మెట్లున్న ప్రశ్నకు ఏమి వెతకాలో ముందు జట్టు తేల్చుకోవాలి కనుక అంత సులువుగా దొరకదు. ఇది పూర్తి రక్షణ అని చెప్పలేను గానీ, ఫోన్లు పక్కన పెట్టించే నియమానికి ఇది తోడుగా నిలుస్తుంది.

ఒకే అంశంపై రౌండ్ నడపడమా, అన్నీ కలిపి అడగడమా అన్న విషయంలో పెద్దగా సందేహం అక్కర్లేదు. ఆటల రౌండ్ మొత్తం ఆటల మీదే ఉంటే ఆ విషయం తెలియని జట్టు పది ప్రశ్నల పాటు ఊరికే కూర్చోవలసి వస్తుంది, కాబట్టి కలగలుపు రౌండ్లే ఎక్కువగా ఉండి, అంశం రౌండ్ ఒకటి ఉంటే చాలు.

చివరికి రెండు జట్లు సమానంగా నిలిస్తే ఏం చేయాలన్నది మిగులుతుంది. ఎవరు ముందు చెబితే వారిదే గెలుపు అనే ప్రశ్న వేగానికి పట్టం కడుతుంది, పైగా ఇద్దరికీ తెలియకపోతే ఇంకో ప్రశ్న, దాని తర్వాత ఇంకో ప్రశ్న వెతుక్కోవలసి వస్తుంది. సంఖ్య అడిగి, దగ్గరగా రాసిన జట్టును గెలిపించే పద్ధతిలో ఒక్క ప్రశ్నతోనే దాదాపు ప్రతిసారీ ఫలితం తేలుతుంది. భూమి నుంచి చంద్రుడికి సగటు దూరం ఎన్ని కిలోమీటర్లు అని అడిగితే, 3,84,400 అన్న అంకె కచ్చితంగా ఎవరికీ గుర్తుండకపోయినా, కాంతి అక్కడి నుంచి రావడానికి సెకను కన్నా కొంచెం ఎక్కువ పడుతుందని విన్న ఒక్క మనిషి ఉంటే ఆ జట్టు నాలుగు లక్షల దరిదాపుల్లోకి రాగలదు. జవాబు కాగితాలు రెండూ ఒకేసారి తీసుకుని చదివితే వాదనకు కూడా చోటుండదు.