మా మనవరాలి హైస్కూలు: అయిదుకి నాలుగు స్టార్లు

మా మనవరాలు ఏడో తరగతి. వాళ్లమ్మ కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి మూడేళ్లు దాటింది. ముందు పిల్లని టౌన్లో ఒక ప్రైవేటు స్కూల్లో వేశాం. రెండేళ్లలో నన్ను నాలుగుసార్లు పిలిచారు. నాలుగుసార్లూ మార్కులు, ఫీజు గురించే. పిల్ల రోజూ ఒక్కతే కూర్చుని క్యారేజీ తింటోందని ఆటో అబ్బాయి చెబితే తెలిసింది నాకు. 2024 జూన్‌లో తీసుకొచ్చి పి.గన్నవరం మండలంలోనే, మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో చేర్చాను.

మొదటిరోజు క్లాసు టీచరమ్మ, "అమ్మ ఎన్నింటికి ఫోన్ చేస్తుంది తల్లీ?" అని అడిగారు. రాత్రి పదకొండుకి అంది పిల్ల. అక్కడ అప్పుడు ఎనిమిదిన్నర, పని అప్పటికి గానీ తెమలదు. ఆ తర్వాత ఎప్పుడైనా మొదటి పీరియడ్లో కునికితే, మొహం కడుక్కుని రమ్మంటారే గానీ నలుగురిలో నిలబెట్టరు.

భోజనం సంగతి చెప్పాలి. దారినపోయేవాళ్లకి ఏ వేళైనా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారిది మా పక్కనున్న లంకల గన్నవరమే. ఇప్పుడు బడి భోజన పథకానికి ఆవిడ పేరే పెట్టారు. ఇక్కడ కొత్తగా చేరిన పిల్లని మొదటి నెలంతా పెద్ద క్లాసు పిల్ల ఒకతె తన పక్కన కూర్చోబెట్టుకుంటుంది. మా పిల్ల ఇప్పుడు ఇంకో చిన్నదానికి గుడ్డు వలిచిపెడుతోందట.

2025 జులై 10న తల్లిదండ్రుల మీటింగులో అమ్మ పేరున మొక్క నాటమన్నారు. అందరి పక్కనా తల్లులు, మా పిల్ల పక్కన నేను. టీచరమ్మ తన ఫోన్‌లోంచి కువైట్‌కి వీడియో కాల్ చేశారు. మా అమ్మాయి తను పనిచేసే ఇంటి వంటింట్లో నిలబడి నాలుగు నిమిషాలు చూసింది. మాట రాలేదు దానికి. నాకూ రాలేదు.

గోదావరి పెరిగి, ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కులు దాటి మొదటి హెచ్చరిక ఇచ్చారంటే చాలు, లంక పిల్లల్ని పెందలాడే పంపేస్తారు. పదో తరగతి వాళ్లు రేవు దాకా తోడెళ్లి, పడవ అవతలి ఒడ్డు చేరాకే ఇళ్లకి వెళ్తారు.

ఒక స్టారు ఎందుకు తగ్గించానంటే, లెక్కల మాస్టారి పోస్టు మూడు నెలలు ఖాళీగా ఉంది. ఆడపిల్లల బాత్రూముల్లో నీళ్లు సరిగా రావు. కమిటీ మీటింగులో రెండుసార్లు అడిగాను, మళ్లీ అడుగుతాను.

పిల్లల్ని చేర్చాలనుకునేవాళ్లు ఆఫీసు రూముకి తర్వాత వెళ్లొచ్చు. ముందు ఒకరోజు మధ్యాహ్నం భోజనాల వేళ వెళ్లి వరండాలో కాసేపు నిలబడండి.