డిక్కీలో గాలి మిషన్: మూడు ఎండాకాలాలు వాడాక

కొత్తగా కారు కొన్నవాళ్లు ఇంకేం కొనాలని అడిగితే సీట్ కవర్ల కంటే ముందు నేను చెప్పేది గాలి మిషన్. కారులోని 12 వోల్టుల సాకెట్‌కు పెట్టి టైర్లలో గాలి నింపుకునే చిన్న పెట్టె అది. మూడు ఎండాకాలాలుగా మా హ్యాచ్‌బ్యాక్ డిక్కీలోనే ఉంటోంది. దారిలో పంక్చర్ పడితే పనికొస్తుందని చాలామంది దీన్ని కొంటారు. నాకు మాత్రం దీని అసలు విలువ స్టెప్నీ, అంటే డిక్కీలో ఉండే అదనపు చక్రం దగ్గరే తెలిసింది.

హైదరాబాద్‌లో నాలుగు చక్రాలకు గాలి పట్టించుకోవడం పెద్ద పని కాదు. ఏ బంకుకు వెళ్లినా అయిపోతుంది. స్టెప్నీతోనే చిక్కు. డిక్కీలో సామాను దించాలి, మ్యాట్ ఎత్తాలి, బంకు పైపు అక్కడిదాకా అందాలి. సాయంత్రం రద్దీలో "తమ్ముడూ, స్టెప్నీ కూడా చూడు" అంటే "ఎనక బండ్లున్నయ్ అన్నా, పొద్దుగాల రాండ్రి" అంటాడు ఆ అబ్బాయి. అతన్ని తప్పుపట్టలేం, వెనక నిజంగానే ఆటోలు హారన్ కొడుతుంటాయి. అలా ఐదో టైరు నెలల తరబడి ఎవరి కంటా పడదు.

వాడని టైర్లో గాలి ఎందుకు తగ్గుతుందని అడుగుతారు. రబ్బరు గుండా గాలి నెమ్మదిగా బయటికి పోతూనే ఉంటుంది. ఏ లోపమూ లేని టైర్లో కూడా నెలకు ఒకటి రెండు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తగ్గుతుంది. 33 ఉండాల్సిన స్టెప్నీని ఏడాదిపాటు పట్టించుకోకపోతే 20 దగ్గరికి దిగజారినా ఆశ్చర్యం లేదు. వాతావరణం ప్రభావం దీనికి తోడు. వేడి ఐదారు డిగ్రీలు తగ్గితే దాదాపు 1 పీఎస్ఐ తగ్గుతుంది. మే నెలలో 40 డిగ్రీల మధ్యాహ్నం నింపిన టైరు, డిసెంబర్‌లో 15 డిగ్రీల తెల్లవారుజామున చూస్తే, చుక్క గాలి కారకపోయినా నాలుగు పీఎస్ఐ తక్కువ చూపిస్తుంది. టైర్ ప్రెషర్ సెన్సార్లు ఉన్న కార్లలో కూడా చాలావాటిలో స్టెప్నీకి సెన్సార్ ఉండదు. అంటే అది మెత్తబడినా డాష్‌బోర్డులో ఏ లైటూ వెలగదు.

నెలకోసారి, ఆదివారం పొద్దున్నే బండి ఎక్కడికీ కదలకముందు చూస్తాను. టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిచిందే సరైన లెక్క. మిషన్ బాగానే కరెంటు లాగుతుంది కాబట్టి ఇంజన్ ఆన్‌లో ఉంచుతాను. మా అపార్ట్‌మెంట్ పార్కింగ్ సెల్లార్‌లో ఉంది. అక్కడ ఇంజన్ నడిపితే పొగ నిండిపోతుంది, అందుకని బండిని గేటు బయటికి తెచ్చుకుంటాను. వెనక సీటు ఒక పక్క మడిచి, ముందు సాకెట్ నుంచి వైరును ఆ సందులోంచి డిక్కీలోకి లాగుతాను. మా బండిలో స్టెప్నీ వాల్వ్ పైకే ఉంటుంది కాబట్టి చక్రాన్ని బయటికి తీయాల్సిన అవసరం లేదు. ఎంత కావాలో పెట్టి బటన్ నొక్కితే అంత నిండగానే అదే ఆగిపోతుంది.

డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద ఉన్న అంకె కంటే స్టెప్నీలో మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ ఉంచుతాను. రోడ్డు మీద ఎక్కువైన గాలి తీసేయడం క్షణాల పని, తక్కువైంది నింపడమే కష్టం. టైరు పక్క గోడ మీద రాసిన గరిష్ఠ పరిమితి మాత్రం దాటకూడదు. సన్నగా ఉండే తాత్కాలిక స్టెప్నీ వచ్చిన కార్లలో లెక్క వేరు. వాటికి సాధారణంగా 60 పీఎస్ఐ ఉండాలి, ఆ సంగతి టైరు మీదే రాసి ఉంటుంది. దాన్ని బిగించాక గంటకు 80 కిలోమీటర్లు మించి పోకూడదు.

మిషన్‌లో లోపాలు లేకపోలేదు. చప్పుడు విపరీతం, రాత్రిపూట అపార్ట్‌మెంట్‌లో వాడితే జనం బాల్కనీల్లోకి వస్తారు. పది నిమిషాలు నడిస్తే పైపు చివర ఇత్తడి ముక్క చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, కాసేపు ఆపక తప్పదు. మర తిప్పి బిగించే నాజిల్ కావడంతో విప్పేటప్పుడు కాస్త గాలి పోతుంది. తెర మీద చూపించే అంకెనూ పూర్తిగా నమ్మను. రాణిగంజ్‌లో విడిగా గాలి కొలిచే గేజ్ ఒకటి కొని పోల్చి చూస్తే, మిషన్ రెండు పీఎస్ఐ దాకా ఎక్కువ చూపిస్తోందని తేలింది. ఎప్పుడూ అంతే తేడా కాబట్టి, దాన్ని కలుపుకుని నింపుతున్నాను.

వైరున్నది కొనాలా, చార్జింగ్‌ది కొనాలా? నేను వైరున్నదే కొనమంటాను. మా పక్క ఫ్లాట్ బాబాయ్‌గారి దగ్గర చార్జింగ్‌ది ఉంది. వాడటానికి హాయిగా ఉంటుంది, వైరు గొడవ లేదు. ఓసారి ఊరెళ్తూ "బాబాయ్‌గారూ, మిషన్ పెట్టుకున్నారా?" అని అడిగితే "ఇంట్లోనే ఉంది బాబూ, ఎండకు బ్యాటరీ పాడవుతుందని కారులో ఉంచట్లేదు" అన్నారు. ఆయన భయం న్యాయమైనదే. మే నెలలో మూసిన కారులో పుట్టే వేడి లిథియం బ్యాటరీకి మంచిది కాదు. ఇంట్లో ఉన్న మిషన్ హైవే మీద ఎలా పనికొస్తుంది?

పోయిన వానాకాలం విజయవాడ హైవే మీద చిట్యాల దాటాక వెనక ఎడమ టైరు పక్క గోడ ఏదో ఇనుప ముక్కకు చీరుకుపోయింది. పక్క గోడ చీలితే అతుకు పనిచేయదు, గాలి మిషన్ ఎంత కొట్టినా నిలవదు. స్టెప్నీ ఒక్కటే దారి. చీకటి పడుతోంది, లోపల అమ్మ, పిల్లలు. అమ్మ "గాలి ఉందా నాన్నా అందులో?" అని ఒకటే టెన్షన్ పడింది. గేజ్ పెట్టి చూపించాను, పెట్టినంతా అలాగే ఉంది. చక్రం మార్చి, ఎక్కువ గాలి తీసేసి సూర్యాపేట వెళ్లిపోయాం. ట్యూబ్‌లెస్ టైర్లు, ప్రెషర్ సెన్సార్లు, రిపేర్ కిట్ ఉంటే స్టెప్నీ లేకుండానే కారు అమ్మొచ్చని 2020లో కేంద్రం నిబంధన మార్చింది. కంపెనీలకు బరువు, ఖర్చు తగ్గుతాయి, సరే. మన రోడ్ల మీద తిరిగే కుటుంబానికి మాత్రం స్టెప్నీ ఉన్న కారే కొనమని గట్టిగా చెబుతాను.

గాలి ఒక్కటే ఉంటే చాలదు. టైరు షాపుల్లో ఎయిర్ గన్‌తో బిగించిన నట్లు కారుతో వచ్చిన స్పానర్‌కు లొంగవు. అలైన్‌మెంట్ చేయించిన ప్రతిసారీ నట్లను చేత్తో బిగించమని అక్కడే నిలబడి అడుగుతాను. స్టెప్నీ వయసు కూడా చూసుకోవాలి. పక్క గోడ మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైనదని. ఒక్క కిలోమీటరు తిరగకపోయినా రబ్బరు ముదిరి పగుళ్లిస్తుంది. ఆరేళ్లు దాటితే టైరు షాపులో చూపించుకోండి.

నాకు మిషన్ రెండున్నర వేల లోపే పడింది. ఈ రకంవన్నీ దాదాపు ఒకే తీరు, బ్రాండ్ గురించి ఎక్కువ ఆలోచించక్కర్లేదు. కొనేముందు మీ కారు ముందు సాకెట్ నుంచి డిక్కీలో స్టెప్నీ వాల్వ్ దాకా ఒక తాడుతో కొలుచుకుని, వైరు, పైపు కలిపి అంత పొడవు ఉన్నదే తీసుకోండి.