కొత్త ఫోను, పాత నంబర్లు, ముందు పడే ఆ +91

ఈ ఫోను కెమెరా, బ్యాటరీ, ఛార్జింగ్ గురించి రివ్యూల్లో ఇప్పటికే అందరూ రాసేశారు. నేను రాసేది నంబరు ముందు పడే అంకెల గురించి మాత్రమే. ఈ ఫోను 2023 ఆగస్టులో కొన్నాను, మా అమ్మాయి పురుడికి డాలస్ వెళ్లడానికి పది రోజుల ముందు. అక్కడ ఆరు నెలలు, వచ్చాక విజయవాడలో ఇన్నాళ్లు ఇదే వాడుతున్నాను. ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒకటుంది. నన్ను ఒక మధ్యాహ్నమంతా వణికించిందీ అదే.

దాని పేరు అసిస్టెడ్ డయలింగ్. ఫోన్ చేసే యాప్ తెరిచి సెట్టింగ్స్‌లోకి వెళ్తే ఉంటుంది. అది ఆన్ చేసి మన దేశం ఇండియా అని పెడితే, మనం పరాయి దేశంలో ఉండి ఇక్కడి నంబరుకి చేసినప్పుడు ముందు ఇండియా కోడ్ +91 తనే తగిలిస్తుంది.

ఇంత చిన్న విషయానికి అంత సంబరం ఎందుకంటే నా కాంటాక్టులు అలాంటివి. పాత ఫోన్ నుంచి నాలుగు వందల పేర్లు యథాతథంగా ఇందులోకి వచ్చేశాయి. కొన్ని ఉత్త పది అంకెలు. కొన్నిటికి ముందు సున్నా ఉంది, వేరే రాష్ట్రం సెల్‌కి చేయాలంటే సున్నా కొట్టాల్సిన రోజుల్లో రాసుకున్నవి. ల్యాండ్‌లైన్లు 0866, 040, 0891 అంటూ ఎస్టీడీ కోడ్‌లతో ఉన్నాయి. గుంటూరులో మా మేనమామ గారింటి నంబరైతే 95 863 అని మొదలవుతుంది. ఒకప్పుడు రాష్ట్రం లోపల ల్యాండ్‌లైన్‌కి సున్నా బదులు 95 కొట్టేవాళ్లం, గుర్తుందా? మావయ్య పోయి ఎనిమిదేళ్లయింది. ఆ నంబరు మోగదని తెలుసు, తీసేయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

ఇండియాలో ఉన్నంతకాలం ఈ కలగూరగంప వల్ల ఏ ఇబ్బందీ రాలేదు. సున్నా ఉన్నా లేకపోయినా సెల్ నుంచి కలిసేది. డాలస్‌లో దిగి, అక్కడి ప్రీపెయిడ్ సిమ్ వేసుకుని (ఇండియా సిమ్ బ్యాంకు ఓటీపీల కోసం రెండో స్లాట్‌లో ఉంచాను), క్షేమంగా చేరానని చెప్పడానికి పెద్దన్నయ్యకి ఫోన్ చేశాను. ఆయనది 98480తో మొదలయ్యే పాత హైదరాబాద్ నంబరు. ఎవరో అమెరికా ఆవిడ ఎత్తి "హలో" అంది. పెట్టేసి మళ్లీ చేశాను. మళ్లీ ఆవిడే. ఈసారి గొంతులో కాస్త చిరాకు వినబడింది. అన్నయ్య ఫోన్ పోయిందేమో, ఎవరి చేతిలోనైనా పడిందేమో అని నాకు ఒకటే కంగారు.

సాయంత్రం అల్లుడు వచ్చి విషయం చెప్పాడు. అమెరికాలోనూ నంబరుకి పది అంకెలే, మొదటి మూడూ ఏరియా కోడ్. 984 అంటే నార్త్ కరోలినాలో రాలీ, డర్హమ్ వైపు. అన్నయ్య నంబరులోని పది అంకెలూ అక్కడి ఇంకెవరి నంబరుకో అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. అంటే 98480తో, 98490తో మొదలయ్యే మా హైదరాబాద్ చుట్టాల పాత నంబర్లన్నీ డాలస్‌లో కూర్చుని కొడితే రాలీకి పోయే ప్రమాదం ఉందన్నమాట. అల్లుడు నా ఫోన్ తీసుకుని ఆ సెట్టింగ్ ఆన్ చేసి, "ఇప్పుడు చేయండి అత్తయ్యా" అన్నాడు. ఒక్క రింగుకే అన్నయ్య ఎత్తాడు. ఆ క్షణంలో కలిగిన ఊరట ఇంతా అంతా కాదు. తర్వాత నెలన్నర పాటు పార్కులో కలిసిన తెలుగు ఆడవాళ్లందరికీ ఇది నేర్పాను. "ఇదొక్కటి ఆన్ చేసుకోండి, ఇంక దేని గురించీ ఆలోచించక్కర్లేదు" అని చెప్పేదాన్ని.

రెండో ముక్క అలా చెప్పకుండా ఉండాల్సింది.

అక్టోబరులో, డాక్టరు ఇచ్చిన తేదీకి ఇంకా పన్నెండు రోజులు ఉందనగా అల్లుడు ఆఫీసు పని మీద ఆస్టిన్ వెళ్లాడు. మధ్యాహ్నం మూడింటికి అమ్మాయికి ఉమ్మనీరు పోయింది. అది హాస్పిటల్ వాళ్లతో ఫోన్‌లో ఉండి, "అమ్మా, నువ్వు దానికి ఫోన్ చెయ్యి, కారు తీసుకుని రమ్మను" అంది. "దానికి" అంటే పక్క వీధి అపార్ట్‌మెంట్లో ఉండే తన స్నేహితురాలికి. అల్లుడు ఊళ్లో లేకపోతే తనే తీసుకెళ్లేట్టు ముందే అనుకున్నాం. సీమంతం రోజున ఆ పిల్ల తన నంబరు అంకె అంకె చెబుతుంటే నేనే ఫోన్‌లో ఎక్కించుకున్నాను. 919తో మొదలయ్యే పది అంకెలు.

పేరు నొక్కాను. చాలాసేపు మోగింది. నిద్రలోంచి లేచిన మగ గొంతు, "కౌన్?" అంది. వాళ్లాయనేమో అనుకుని, "బాబూ, అమ్మాయికి నొప్పులు మొదలయ్యేలా ఉన్నాయి, ఒక్కసారి తనకివ్వు" అన్నాను. అవతలి మనిషి హిందీలో ఏదో అని పెట్టేశాడు. మళ్లీ చేశాను. అదే గొంతు, "రాంగ్ నంబర్ హై" అంది. మూడోసారి ఎత్తలేదు. వాట్సాప్‌లోకి వెళ్లాను. ఆ పేరు మీద హనుమంతుడి బొమ్మ ఉంది. తెలుగుపిల్ల కదా, దేవుడి బొమ్మ పెట్టుకుందనే మొదట్నించీ అనుకుంటున్నాను. "త్వరగా రా తల్లీ" అని వాయిస్ మెసేజ్ పెట్టాను. జవాబు లేదు. నా చేతులు చల్లబడిపోయాయి. లోపల అమ్మాయి మూలుగు వినబడుతోంది, నాకా అక్కడ డ్రైవింగ్ రాదు, అల్లుడు మూడు గంటల దూరంలో ఉన్నాడు. టెన్షన్‌తో మళ్లీ మళ్లీ అదే పేరు నొక్కడం తప్ప ఏమీ తోచలేదు.

పదిహేను నిమిషాల తర్వాత అమ్మాయి గోడ పట్టుకుని వచ్చి నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. చేసిన కాల్స్ జాబితాలో ఆ పేరు మీద నొక్కితే పూర్తి నంబరు వచ్చింది: +91, ఆ వెనక 919. "అమ్మా, ఇది ఇండియాకి పోతోందే!" అంది. వెంటనే తన ఫోన్‌లోంచి చేస్తే, ఆ పిల్ల నాలుగు నిమిషాల్లో ఇంట్లో వేసుకునే చెప్పులతోనే వచ్చేసింది. రాత్రి తొమ్మిది దాటాక మనవడు పుట్టాడు. తల్లీబిడ్డా క్షేమం. డాలస్‌లో మధ్యాహ్నం మూడంటే ఇండియాలో రాత్రి ఒంటిగంటన్నర. అర్ధరాత్రి అన్నిసార్లు నిద్ర చెడగొట్టిన ఆ పెద్దమనిషి నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. మర్నాడు వాట్సాప్‌లో ఆ హనుమంతుడి బొమ్మకే క్షమాపణ రాసి పెట్టాను.

జరిగింది ఇదీ. ఆ పిల్ల ఎమ్మెస్ రాలీలో చేసింది, ఉద్యోగానికి డాలస్ వచ్చినా నంబరు మార్చుకోలేదు. అక్కడ చాలామంది పిల్లలు అంతే. 919 ఆ ప్రాంతానికి పాత ఏరియా కోడ్, నంబర్లు చాలక అదే ప్రాంతానికి తర్వాత ఇచ్చింది 984. ఒకే ఊరి రెండు కోడ్‌లు: ఒకటి అన్నయ్య కాల్‌ని అమెరికాలోనే ఉంచేసింది, ఇంకొకటి అమెరికా కాల్‌ని ఇండియాకి పంపింది. మన సెల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతో మొదలవుతాయి. 919తో మొదలయ్యే పది అంకెలు కనిపించేసరికి ఫోను అది మన నంబరే అనుకుని +91 పెట్టేసింది. నా వాట్సాప్ కూడా ఇండియా నంబరుతోనే కాబట్టి అదీ అలాగే అనుకుంది. అమ్మాయిది, అల్లుడిది అల్లుడే అమెరికా కోడ్ +1 పెట్టి ఎక్కించాడు గనక వాటితో ఏనాడూ చిక్కు రాలేదు, అందుకే నాకు అనుమానమూ రాలేదు.

పది అంకెలు చూసి ఏ దేశానివో ఫోన్‌కి తెలియకపోవడం తప్పు కాదు, మనిషికీ తెలియదు. నా కోపం వేరే దాని మీద. తను నంబరు మార్చిన సంగతి సరిగ్గా చెప్పదు. తెర మీద పెద్దగా పేరే కనబడుతుంది. +91 కలిపానన్న మాట కాల్ కలుస్తున్నప్పుడు కింద చిన్న అక్షరాల్లో వస్తుందని తర్వాత గమనించాను. అప్పటికి ఫోను చెవి దగ్గర ఉంటుంది కదా, ఎవరు చదువుతారు? అరవైకి దగ్గరపడ్డ కళ్లు ఆ అక్షరాలు అసలే చదవలేవు. మొదటిసారి ఒక కొత్త నంబరుకి అలా కలిపేటప్పుడైనా "ఇది ఇండియా నంబరేనా?" అని ఒక్కసారి అడిగితే ఏం పోయింది?

పురిటి స్నానం అయ్యేలోపు కాంటాక్టులన్నీ నేనే దిద్దుకున్నాను. ఒళ్లో మనవడు పడుకున్నప్పుడల్లా పదిహేనేసి పేర్లు. సున్నా మీట నొక్కి పట్టుకుంటే + వస్తుంది, దాని తర్వాత 91, తర్వాత పది అంకెలు. పాత సున్నా తీసేయాలి. 0866 ఉన్నది +91 866 అవుతుంది. మా తమ్ముడి కొడుకు ఎప్పుడో తెలివిగా +91 0866 అని ఎక్కించిపెట్టిన రెండు నంబర్లు అక్కణ్నించి కలవనే లేదు, ఆ సున్నా వల్లే. + ఉంటే ఏ దేశం నుంచి చేసినా సరిపోతుంది. లేకపోతే ఇండియా నుంచి 00, అమెరికా నుంచి 011 కొట్టాలని గుర్తుపెట్టుకోవాలి. మావయ్య నంబరు ఒక్కటి అలాగే వదిలేశాను.

బ్యాంకు వాళ్ల 1800 నంబర్లకి మాత్రం ఏ ఉపాయమూ పనిచేయలేదు. అమెరికాలోనూ 1, 800 అంటే టోల్‌ఫ్రీయే, ఆ అంకెలు అలాగే కొడితే అక్కడి ఇంకేదో కంపెనీకి పోవచ్చు. విదేశాల నుంచి చేయడానికి బ్యాంకులు వేరే నంబరు ఇస్తాయి. కార్డు వెనక చూసి బయల్దేరే ముందే రాసుకోండి.

విజయవాడ వచ్చాక ఆ సెట్టింగ్‌తో పని లేదు. +91తో ఉన్న పేర్లు సెల్ నుంచి ఇక్కడా చక్కగా కలుస్తున్నాయి, అదనంగా డబ్బులేమీ పడవు. ఇబ్బందల్లా మా వారికే. ఆయన ఇప్పటికీ ల్యాండ్‌లైనే వాడతారు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌లో సెల్‌కి చేయాలంటే ముందు సున్నా కొట్టాలి. నా ఫోన్ చూసి 91తో సహా కొట్టేసి, కలవట్లేదని నన్ను పిలిచేవారు. ఇప్పుడు అలవాటుపడ్డారు.

కాబట్టి ఈ ఫోన్ కొనొచ్చా అంటే, నా వరకు కొన్నందుకు బాధ లేదు. మళ్లీ వెళ్లినా ఇదే తీసుకెళ్తాను, ఆ సెట్టింగ్ ఆన్‌లోనే ఉంటుంది. అయితే నా కాంటాక్టులు ఇప్పుడు దిద్దినవి. ఇండియా నంబర్లే ఉండి, నాలుగు వారాలు చూసొచ్చేవాళ్లకి ఇది నిజంగా వరం. రెండు దేశాల నంబర్లూ ఒకే ఫోన్‌లో, + లేకుండా కలగలిసి ఉన్నవాళ్లకి మాత్రం అదొక్కటి ఆన్ చేస్తే చాలని ఇక చెప్పను.

వచ్చే నెల మా వదిన న్యూజెర్సీ వెళ్తోంది, వాళ్లమ్మాయి పురుడికే. నిన్న ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. వాళ్లమ్మాయి నంబరు 908తో మొదలవుతుంది, ముందేమీ లేదు. సెట్టింగ్ జోలికి పోకుండా ముందు దానికి +1 పెట్టాను. తర్వాత అల్లుడిది, వియ్యపురాలిది, హాస్పిటల్‌ది. ఆవిడ కాఫీ తాగడం అయ్యాక, అప్పుడు ఆన్ చేశాను.