సరిహద్దు కళాశాలల గ్రంథాలయాలకు ఏది మేలు: ఇ-జర్నళ్లా, అచ్చు పుస్తకాలా?

1967లో ఏర్పడిన బరంపురం విశ్వవిద్యాలయం మొదలుకొని ఒడిశాలో ఆంధ్రప్రదేశ్ సరిహద్దునున్న గంజాం, గజపతి, రాయగడ జిల్లాల చిన్న కళాశాలల దాకా, గ్రంథాలయ నిధుల ప్రస్తావన వస్తే అధ్యాపకులలో రెండు వాదనలు వినిపిస్తాయి. ఉన్న కాస్త సొమ్మును ఇ-జర్నళ్లకు (అంతర్జాలంలో చదివే పరిశోధన పత్రికలకు) వెచ్చించాలని కొందరు, అచ్చు పుస్తకాలు కొని కాపాడుకోవాలని కొందరు అంటారు.

విజ్ఞానశాస్త్రాల విషయంలో పెద్దగా తేల్చుకోవలసింది లేదు. రసాయనశాస్త్ర అధ్యాపకునికి ఈ నెల వెలువడిన వ్యాసం కావాలి, అదీ రాత్రి ఇంట్లో కూర్చున్నప్పుడు అందాలి. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం కింద మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు 6,300కు పైగా ప్రభుత్వ విద్యాసంస్థలకు అందిస్తున్నారు. కనుక ప్రభుత్వ కళాశాల వాటికే మళ్లీ సొంతంగా చందా కట్టడం దండగ. ప్రైవేటు కళాశాలల లెక్క వేరు.

చరిత్ర, తెలుగు శాఖల అవసరం ఇలా తీరేది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. నాటి సరిహద్దు వివాదం మీదగానీ, గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉంటూ సవర భాషకు చేసిన సేవ మీదగానీ పరిశోధించేవారికి ఆ జర్నళ్లలో దొరికేది స్వల్పం. పాత తెలుగు పుస్తకాల స్కాన్‌లు అంతర్జాలంలో ఉన్నా, వాటిలో చాలావరకు పేజీల ఫొటోలే కాబట్టి ఊరిపేరు కొట్టి వెతికితే పట్టుబడదు. బిగించి బైండు చేసిన సంపుటాల్లోనైతే కుట్టు పక్కనున్న అక్షరాలు నీడలో కలిసిపోతాయి. ఆ మాట పూర్తిగా చదవాలంటే అసలు ప్రతిని తెరవవలసిందే. అలాగని ఆ ప్రతిని బీరువాలో పెట్టి తాళం వేసే గ్రంథాలయం (అలాంటివీ లేకపోలేదు) ఎవరికీ ఉపయోగపడదు.

నా దృష్టిలో సొంత నిధులకు అచ్చు పుస్తకాల పక్షమే మేలు, అయితే కొత్తవి కొనడానికంటే ఉన్నవాటిని బాగుచేసి, జాగ్రత్తగా స్కాన్ చేసి, పుస్తకాల పట్టికను తెలుగు, ఒడియా లిపుల్లోనే తయారుచేయడానికి. ఇప్పుడు తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్లు వారు ఎక్కిస్తుండడంతో అలమరలో ఉన్న పుస్తకం కూడా కంప్యూటరులో ‘లేదు’ అని వస్తుంది. ఈ పనికి రెండు లిపులూ చదవగల గ్రంథపాలకుడు కావాలి. చందాల్లో మిగిలిన సొమ్ము ముందుగా ఆయన జీతానికి పోవాలి.