హాబ్సన్-జాబ్సన్ కొన్నాను, పందెం ఓడాను

ఒడిషాలో గంజాం జిల్లా బరంపురంలో మాది బియ్యం, చింతపండు హోల్‌సేల్ వ్యాపారం. నిఘంటువులు కొని చదివే అలవాటు లేదు, అంత తీరికా లేదు. మా అబ్బాయి వీడియో గేములో బాండికూట్ అనే జంతువును చూపించి "నాన్నా, ఈ పేరు మన పందికొక్కు నుంచే వచ్చిందట" అన్నాడు. కాదని పందెం కాశాను. తీరా చూస్తే వాడిదే నిజం. తెలుగు పందికొక్కే ఇంగ్లీషువాళ్ల నోట్లో బాండికూట్ అయింది, ఆ తర్వాత ఆస్ట్రేలియాలో ఇంకేదో జంతువుకి ఆ పేరు తగిలించారు. గేములో ఉన్నది అది. మా గోడౌన్‌లో బస్తాలు కొరికేది మాత్రం అసలుది.

ఆ పందెం కోసం తెప్పించిన పుస్తకమే ఈ హాబ్సన్-జాబ్సన్. మన దేశంలో ఇంగ్లీషువాళ్లు వాడిన మాటల నిఘంటువు. యూల్, బర్నెల్ అని ఇద్దరు రాశారు, 1886లో వచ్చింది, అప్పటికే బర్నెల్ చనిపోయి నాలుగేళ్లు. మొహర్రంలో "యా హసన్, యా హుసేన్" అన్న కేకలు తెల్ల సిపాయిలకి హాబ్సన్-జాబ్సన్ అని వినిపించాయట, ఆ పేరే పుస్తకానికి పెట్టారు. ఒక్కో మాటకి అర్థం చెప్పి ఊరుకోరు, ఏ సంవత్సరంలో ఎవరు ఏ స్పెల్లింగుతో రాశారో వరసగా ఇస్తారు. డబ్బులు పెట్టేది దీనికే.

నాకు బాగా నచ్చింది మణుగు, అంటే ఇంగ్లీషులో మాండ్. మా తాత లెక్కంతా మణుగుల్లోనే, ఎనిమిది వీశెలు ఒక మణుగు. ఆ వీశె కూడా ఇందులో ఉంది, విస్ అని. మద్రాసు మణుగు 25 పౌండ్లయితే బెంగాల్ మణుగు 82 పౌండ్ల పైమాటే! 1936 దాకా గంజాం జిల్లా మద్రాసు కిందే ఉండేది కదా, అటు కలకత్తా షావుకారుతో బేరం పడితే ఎవరి మణుగో ముందే తేల్చుకోకపోతే కొంప మునిగినట్టే. గన్నీ అన్నది మన గోనెకి చుట్టమే, సంస్కృతంలో గోణి.

గోడౌన్ అన్న మాట కథ కూడా నాకు నచ్చింది. మా కలాసీలు ఒడియాలో గోదాం అంటారు, నేను గోడౌన్ అంటాను, మా నాన్న గిడ్డంగి అనేవారు. ఇంగ్లీషువాళ్లకి ఇది మలయ్ భాష మీదుగా వచ్చినట్టుందని, అసలు పుట్టింది మాత్రం మన దక్షిణాదిలోనే, తెలుగు గిడ్డంగి నుంచో తమిళ కిడంగు నుంచో అని పుస్తకం అంటుంది.  నా ఓటు ఎటో చెప్పక్కర్లేదు.

జెంటూ అనే మాట చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పోర్చుగీసువాళ్లు క్రైస్తవులు కానివాళ్లని అన్న మాట అది. మద్రాసు ఇంగ్లీషువాళ్లు దాన్ని తెలుగువాళ్లకీ తెలుగు భాషకీ ఖాయం చేసేశారు, 1816లో కాంప్‌బెల్ అచ్చేసిన తెలుగు వ్యాకరణం పేరులో కూడా జెంటూ ఉంది. ఇక్కడేమో మమ్మల్ని తెలుగువాళ్లు అంటారు, శ్రీకాకుళం వెళ్తే ఒడిషా వాళ్లు అంటారు, ఇది మూడోది.

అన్నీ మెచ్చుకోలేను. జగన్నాథుడి పేరు ఇంగ్లీషులో జగ్గర్‌నాట్ అయి, అడ్డొచ్చినదాన్ని తొక్కేసే పెద్ద శక్తికి పేరైపోయింది. 14వ శతాబ్దంలో ఓడోరిక్ అనే సన్యాసి, భక్తులు రథచక్రాల కింద పడి చస్తారని రాసిన కథ యూరప్‌లో అలా పాతుకుపోయింది. సరే, ఆ కథ యూల్ పుట్టించింది కాదు. కానీ పూరీ మూర్తిని ఆకారం లేని విగ్రహం అని రాయడం ఏంటండీ? రథయాత్రకి ఏటా వెళ్లేవాళ్లకి అక్కడ ఒళ్లు మండుతుంది. పుస్తకం నిండా దొరల చూపే, అది తెలిసి చదవాలి.

ఇక నాకు వచ్చిన కాపీ సంగతి. వెయ్యి పేజీలు దాటిన పుస్తకం, అక్షరాలు ఆవగింజలంత, రెండు నెలలకే అట్ట ఊడింది. పాత పేజీలని ఫొటో తీసి అచ్చేసినట్టున్నారు, కొన్నిచోట్ల సంవత్సరాల అంకెలే కనబడవు, ఈ పుస్తకానికి ప్రాణమే అవి. పుస్తకానికి నాలుగు స్టార్లు, ఈ అచ్చుకి ఒకటి. క్రుక్ సవరించిన 1903 ప్రతి నెట్‌లో ఉచితంగానే ఉంది, ముందు అందులో నాలుగు మాటలు వెతికి చూడండి. కొనాలనిపిస్తే గట్టి అట్టది కొనండి.